పసుపు పేటెంటు: పదాలను దాటిన వెతుకులాట

1995 మార్చి 28న అమెరికా పేటెంటు కార్యాలయం 5,401,504 సంఖ్యతో ఒక పేటెంటును మంజూరు చేసింది. గాయం మానడానికి పసుపు వాడటమే అందులోని ఆవిష్కరణ! వేలు తెగితే చిటికెడు పసుపు అద్దడం తెలుగు ఇళ్ళలో ఎవరూ ప్రత్యేకంగా నేర్పని పని. అయితే, ఆనాటి అమెరికా చట్టానికి పరాయి దేశంలోని వాడుక చాలదు. అది ఎక్కడో అచ్చయి ఉండాలి. భారతదేశపు శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి ప్రాచీన సంస్కృత గ్రంథాన్నీ, 1953 నాటి వైద్యపత్రికలోని వ్యాసాన్నీ ఆధారాలుగా చూపాక, 1997లో ఆ క్లెయిములు తిరస్కరణకు గురయ్యాయి. 2013 మార్చి నుండి అమలైన సవరణ ఆ దేశభేదాన్ని తొలగించింది. అయినా, వాడుకను రుజువు చేయడానికి చివరికి కాగితమే దిక్కు.

ఆ కాగితం దొరకడమే కష్టం. పదాలతో వెతికే యంత్రానికి హరిద్ర, పసుపు, కుర్కుమా లాంగా అనేవి మూడు వేరువేరు వస్తువులు. పేటెంట్ల భాష మరీ చిక్కు: హక్కు పరిధి పెరగాలని కలాన్ని ‘వ్రాత సాధనం’ అనడం అక్కడ మామూలే. భాషా నమూనాలు ప్రతి వాక్యాన్నీ వందలాది సంఖ్యల వరుసగా మారుస్తాయి. అర్థం దగ్గరైన వాక్యాల వరుసలు, మాటలు వేరైనా, భాష వేరైనా, దగ్గరదగ్గరగా చేరతాయి. ‘పుండుపై దుంప పొడి పూత’ అని అడిగినా హరిద్ర ప్రస్తావన పైకి తేలే వీలుంది.

కానీ చట్టం అడిగేది పోలిక కాదు. ఒక క్లెయిము కొత్తది కాదనాలంటే దానిలోని ప్రతి అంశమూ, దరఖాస్తుకు ముందే వెలువడిన ఒకే పత్రంలో కనిపించాలి. ‘పసుపు వాపును తగ్గిస్తుంది’ అనే వ్యాసం సంఖ్యల లెక్కలో ఎంత సమీపంగా ఉన్నా, గాయం మాన్పడం గురించి చెప్పకపోతే ఆ పరీక్షకు నిలవదు. రెండు పత్రాల సంగతులను కలిపి ఒకే పత్రంలో ఉన్నట్టు రాయడం, లేని పేటెంటు సంఖ్యను ధీమాగా చెప్పడం ఈ నమూనాలకు ఉన్న జబ్బులు. అందుచేత వేల పత్రాలను పదులకు కుదించే పని వాటికి అప్పగించి, ఆ పదింటినీ తేదీలు సరిచూస్తూ, క్లెయిములోని అంశం వెంట అంశంగా మనిషే చదవవలసి ఉంటుంది.

పసుపు వివాదం తరువాత, 2001లో మొదలైన భారత సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం ఆయుర్వేద, యునానీ, సిద్ధ యోగాలను ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, జపనీస్ భాషలలో పేటెంటు పరిశీలకులకు అందిస్తున్నది. పాత తెలుగు వైద్య గ్రంథాలు చాలామటుకు స్కాను చేసిన బొమ్మలుగానే మిగిలాయి. వాటిలోని అక్షరాలను యంత్రం గుర్తించేదాకా ఈ వెతుకులాటలో అవి లేనట్టే లెక్క.