అన్నమదేవుడి వారసులు

1323లో ఢిల్లీ సేనలు ఓరుగల్లును పట్టుకోవడంతో కాకతీయుల కథ ముగిసిందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. బస్తర్ రాజవంశం మాత్రం ఒప్పుకోదు. ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు ఓరుగల్లు వీడి వచ్చి ఈ అడవుల్లో రాజ్యం స్థాపించాడన్నది దాని వాదన. 1703 నాటి దిక్పాలదేవుని దంతెవాడ శాసనమూ అదే చెబుతోంది. కాకపోతే అది దాదాపు 380 ఏళ్ల తర్వాతి సాక్ష్యం.

అయినా సింహాసనాన్ని నిలబెట్టింది ఓరుగల్లు రక్తం ఒక్కటే కాదు. రాజు దంతేశ్వరి అమ్మవారి ప్రధాన పూజారి. 75 రోజుల దసరా ఆయన లేనిదే సాగదు. అందుకే 1921లో రుద్రప్రతాప్ దేవ్ మగసంతానం లేకుండా మరణించినా గద్దె చెదరలేదు. కుమార్తె ప్రఫుల్ల కుమారీ దేవి రాణి అయ్యారు. ఆమె భర్తది ఒరిస్సాలోని మయూర్‌భంజ్ రాజకుటుంబం. వారసులకు భంజ్‌దేవ్ అన్న ఇంటిపేరు అలా వచ్చిందే.

1936లో రాణి లండన్‌లో కన్నుమూయడంతో కొడుకు ప్రవీర్ చంద్ర చిన్నతనంలోనే రాజయ్యారు. 1948లో సంస్థానం విలీనమైంది. 1957లో ఆయన ఎమ్మెల్యేగా గెలిచారు. 1961లో ప్రభుత్వం ఆయన గుర్తింపు రద్దుచేసి తమ్ముడు విజయ్ చంద్రకు కట్టబెట్టింది. ఆదివాసీలు ఖాతరు చేయలేదు. వారి దృష్టిలో రాజు ప్రవీరే. 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజప్రాసాదంలో పోలీసు కాల్పులకు ఆయన, ఆయనతోపాటు పలువురు ఆదివాసీలు బలయ్యారు.

2022 జులైలో ఆ కుటుంబానికి చెందిన కమల్ చంద్ర భంజ్‌దేవ్ కాకతీయ ఉత్సవాల అతిథిగా వరంగల్ వచ్చారు. నగరం అన్నమదేవుడి వారసుడిగా స్వాగతించింది. బస్తర్ ఆదివాసీ ఇళ్లలో దంతేశ్వరి పటం పక్కన ఉండేది మాత్రం ప్రభుత్వం కాదన్న ప్రవీర్ చిత్రమే.