చెయ్యమంటే చెయ్యలేని పిల్లలు

దోసె కావాలని అడిగింది వాడే. నెయ్యి వేసి ఎర్రగా కాల్చమన్నదీ వాడే. తీరా కంచంలో వేసి ‘తిను నాన్నా’ అనేసరికి కంచం అవతలికి నెట్టేశాడు. ఆకలి లేదా అంటే ఉంది. దోసె కుదరలేదా అంటే బాగానే కుదిరింది. ఇంకో పావుగంటకు, ఎవరూ చూడనప్పుడు, వంటింటి గట్టు దగ్గర నిలబడి ఆ చల్లారిన దోసెనే తినేస్తాడు. వాడికి అడ్డం పడింది ‘తిను’ అన్న మాటొక్కటే.

ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరి ఇళ్లలో ఇది రోజూ ఉండే తంతు. పళ్లు తోముకోవడం, చొక్కా మార్చుకోవడం, స్కూలు వ్యాను ఎక్కడం దగ్గరే ఇది ఆగదు. ఎంతో ఇష్టమైన పార్కు, నెల ముందు నుంచీ రోజులు లెక్కపెట్టుకున్న సొంత పుట్టినరోజు కూడా ‘ఇక బయల్దేరాలి’ అనగానే భరించలేనివైపోతాయి. ఆకలి, దాహం, మూత్రం వస్తున్న సంగతి... ఒంట్లోంచి వచ్చే ఈ పిలుపులు కూడా వీళ్లకు ఎవరో హుకుం వేసినట్టే తగులుతాయి. చుట్టాలు మొండితనం అంటారు. బళ్లో క్రమశిక్షణ లేదంటారు. తల్లివైపు చూసి ‘గారాబం ఎక్కువైంది’ అంటారు. మొక్కై వంగనిది మానై వంగునా అనే పెద్దాయన ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు.

ఈ తీరుకు మొదట పేరు పెట్టింది ఎలిజబెత్ న్యూసన్. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో పిల్లల ఎదుగుదల మీద పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త. ఆటిజం కావచ్చన్న అనుమానంతో ఆమె దగ్గరికి పంపిన పిల్లల్లో కొందరు ఆనాటి ఆటిజం నిర్వచనంలో ఇమిడేవారు కాదు. మాటకారులు. ఊహల్లో ఆడుకుంటారు. ఎదుటి మనిషిని ఏ మాటతో ఏమార్చవచ్చో బాగా తెలుసు. కానీ రోజువారీ మామూలు పని చెప్తే చాలు, ఎలాగోలా తప్పించుకుంటారు. ఆడపిల్లలూ మగపిల్లలూ ఇంచుమించు సమానంగా కనిపించడం ఆమెను ఆశ్చర్యపరిచిన మరో సంగతి. 1980ల్లో ఆమె దీన్ని ‘పాథలాజికల్ డిమాండ్ అవాయిడెన్స్’ అన్నారు. పొట్టిగా పీడీఏ. సహచరులతో కలిసి రాసిన పూర్తి వివరణ 2003లో ‘ఆర్కైవ్స్ ఆఫ్ డిసీజ్ ఇన్ చైల్డ్‌హుడ్’ పత్రికలో వచ్చింది.

అప్పటినుంచీ పేచీ నడుస్తూనే ఉంది. 2013 నాటి అమెరికా మానసిక వైద్యుల గ్రంథం డీఎస్ఎం-5లో పీడీఏ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా ఐసీడీ-11లోనూ లేదు. ఇవి లక్షణాలే తప్ప విడిగా ఒక రుగ్మత అనలేమని జొనాథన్ గ్రీన్ తదితరులు 2018లో లాన్సెట్ వారి పిల్లల వైద్య పత్రికలో వాదించారు. స్వయంగా ఆటిజం ఉన్న పరిశోధకుడు డేమియన్ మిల్టన్ ఇంకో వైపు నుంచి పట్టుకున్నారు: పెద్దలు చెప్పిందల్లా చెయ్యకపోతే అది రోగమెలా అవుతుందని. ఫారో దీవుల్లో క్రిస్టఫర్ గిల్‌బర్గ్ బృందం చేసిన అధ్యయనం, చిన్నదే అయినా, ఆటిజం ఉన్నవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి బాల్యంలో ఈ ఛాయలున్నాయని, వయసు పెరిగేకొద్దీ చాలామందిలో తగ్గాయని 2015లో చెప్పింది. పేరు మీద పండితులు తేల్చుకునేదాకా రేపు పొద్దున ఏడున్నరకు వచ్చే స్కూలు వ్యాను ఆగదు. కాబట్టి మనం ఇంట్లోకే వెళ్దాం.

భయం వేసుకున్న వేషాలు

ఈ పిల్లల లోపల నడిచేది భయం. ఏం జరగబోతోందో తెలియకపోవడం, తన అదుపు ఇంకొకరి చేతికి పోవడం, ఈ రెండూ వీళ్ల ఒంటికి ప్రమాదంలాగే తోస్తాయి. మొదట్లో తప్పించుకునే పద్ధతులు ముచ్చటగా కూడా ఉంటాయి. ‘ఇవాళ నా కాళ్లు పనిచెయ్యట్లేదు.’ ‘నేను పిల్లిని. పిల్లులు స్నానం చెయ్యవు.’ లేదంటే మీ చెవి కమ్మల గురించి సరిగ్గా అప్పుడే ఓ ప్రశ్న. వీటిని అబద్ధాల కింద జమకట్టి ఇంకాస్త బిగిస్తే అరుపులు, గిల్లడం, చేతికందింది విసిరెయ్యడం, తలుపు తీసుకుని రోడ్డు మీదికి పరుగు. చాక్లెట్ కోసం దుకాణం ముందు ఏడ్చే పిల్లాడికి చాక్లెట్ ఇస్తే ఏడుపు ఆగుతుంది. ఇక్కడ అడిగింది చేతిలో పెట్టినా ఆగదు. భయం దానంతటది దిగాలి.

మన ఇళ్లలో దీనికి తోడు ఒక చిక్కుంది. మన ప్రేమ ఎక్కువగా పని చెప్పే వాక్యాల్లోనే బయటికొస్తుంది. ఇంకో ముద్ద తిను, స్వెట్టర్ వేసుకో, జాగ్రత్తగా వెళ్లు, పడుకో ఇక. చుట్టం గుమ్మంలో అడుగుపెట్టగానే ‘అంకుల్‌కి నమస్తే పెట్టు, అత్తకి ఆ పద్యం చెప్పు, సిగ్గెందుకు, చెప్పు చెప్పు’ అని మొదలు. అమ్మమ్మ నోటి వెంట ఇవన్నీ వాత్సల్యమే. పీడీఏ ఉన్న పిల్లకు మాత్రం నాలుగు దిక్కుల నుంచీ ఉత్తర్వులు. నమ్మకం కుదరకపోతే ఒక సాయంత్రం మీ ఇంట్లో మాటల్ని ఫోనులో గంటసేపు రికార్డు చేసి వినండి.

ఈ ఉత్తర్వులు తగ్గించడం ఎలా? అమెరికా మనస్తత్వ నిపుణుడు రాస్ గ్రీన్ 1998లో రాసిన ‘ది ఎక్స్‌ప్లోజివ్ చైల్డ్’లో పిల్లల పనుల్ని మూడు బుట్టల్లో వెయ్యమన్నారు: ప్రాణానికి సంబంధించి తప్పనివి, కలిసి కూర్చుని పరిష్కరించుకోవాల్సినవి, ప్రస్తుతానికి వదిలెయ్యాల్సినవి. మన ఇళ్లకు దించుకుంటే, రోడ్డు మీద చెయ్యి వదలకపోవడం, మూర్ఛ మాత్ర, తమ్ముణ్ని కొట్టకపోవడం మొదటి బుట్ట. తలంటు రెండోది. మంచం మీద తినడం, చొక్కా తిరగేసి వేసుకోవడం, చుట్టాలకు నమస్తే మూడోది. మూడోది నిండుగా, మొదటిది దాదాపు ఖాళీగా ఉండాలి. మొదట్లో ఇది పిల్లల్ని గాలికి వదిలెయ్యడంలా కనిపించి తండ్రులకు మహా ఇబ్బంది. ఇక్కడ ఓ మాట: పంతాల దగ్గర ఎవరి పరువు పోతోందో పెద్దలు ఒక్కసారి చూసుకోవడం మంచిది. చాలాసార్లు అది పిల్లవాడిది కాదు.

ఆపైన మాట తీరు. ‘చెప్పులు వేసుకో’ బదులు ‘చెప్పులు గుమ్మం దగ్గరున్నాయి, బయట ఎండగా ఉంది’ అని ఊరుకోవచ్చు. ఆ ఊరుకోవడమే కష్టం. పది సెకన్లు ఆగలేక ‘మరి వేసుకో’ అనేస్తాం, మొత్తం చెడుతుంది. ‘నాకీ మూత రావట్లేదు, ఎలా తియ్యాలో ఏంటో’ అని పైకే అనుకుంటే వచ్చి తీసిపెట్టే పిల్లలున్నారు. ‘ఎర్ర చొక్కానా, పచ్చదా’ అన్నది కొందరికి సాయం, కొందరికి అదో కొత్త పరీక్ష. ‘పళ్లు తోముకుందాం’ కూడా ముసుగేసుకున్న ఆజ్ఞే, వీళ్లు ఇట్టే పసిగడతారు.

వేషం కట్టడం వీళ్లలో చాలామందికి ఇష్టం గనక ఆటలోంచి పని జరుగుతుంది. వరండా ఆర్టీసీ బస్సు అవుతుంది. పిల్లే కండక్టర్, భుజాన పాత హ్యాండ్‌బ్యాగు, చేతిలో చింపిన కాగితాల టికెట్లు. నాన్న ప్రయాణికుడు, పైగా చిల్లర లేనివాడు. బస్సు హాల్లో ఆగుతుంది, వంటింట్లో ఆగుతుంది, ‘స్నానాలగది స్టేజీ’ రాగానే కండక్టరమ్మే ‘దిగాలి, దిగాలి’ అని కేకేస్తుంది. నాన్న దిగడు, నిద్ర నటిస్తాడు. ఆయన్ని దింపే హడావిడిలో ఆమే లోపలికి వెళ్తుంది. ఒంటి మీద నీళ్లు పడతాయి. ఇది వారం పనిచేస్తుంది. ఎనిమిదో రోజు ఎందుకు ఆడుతున్నామో పిల్లకు తెలిసిపోతుంది, ఇంకో ఆట వెతుక్కోవాలి. పని దాచిపెట్టి చేయించడం మోసం కాదా అని పెద్దయిన ఆటిజం వ్యక్తులు అడుగుతున్నారు. సబబైన ప్రశ్నే. ఆట పిల్లకూ ఆటగానే ఉన్నంతవరకు సరే. ఇంజెక్షన్ లాంటివాటికి మాత్రం ఉన్నది ఉన్నట్టు ముందే చెప్పాలి.

నక్షత్రాల పట్టిక

అమ్మకు థెరపీ సెంటర్లలో దొరికే సలహా సాధారణంగా దీనికి ఎదురు. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఆటిజం అనగానే ఆక్యుపేషనల్ (ఓటీ), స్పీచ్, బిహేవియర్ థెరపీ అంటారు. చాలాచోట్ల మొదటి లక్ష్యం ‘సిట్టింగ్ టాలరెన్స్’. బల్ల ముందు కూర్చోబెట్టడం, చెప్పింది చేస్తే చిప్స్ ముక్క, చెయ్యకపోతే మళ్లీ అదే పని. పీడీఏ ఛాయలున్న పిల్లకు చివరికి ఆ బల్లే భయమైపోతుంది, సెంటర్ ఉన్న వీధి మలుపులోనే ఏడుపు మొదలవుతుంది. చెప్పింది చేసినప్పుడల్లా నక్షత్రం అంటించే గోడ మీది పట్టికా అంతే. రాని నక్షత్రం శిక్ష, వచ్చిన నక్షత్రం రేపటికి బాకీ. ‘శభాష్, రోజూ ఇలాగే చెయ్యాలి’ అన్న మెచ్చుకోలు వింటే మర్నాడు ఆ పని జోలికే వెళ్లని పిల్లలున్నారు.

సెంటర్ నుంచి వచ్చేటప్పుడు అమ్మ చేతిలో హోమ్ ప్లాన్ పుస్తకం ఉంటుంది. పూసలు గుచ్చించండి, గీతలు గీయించండి, టీవీ ఆపండి, గోధుమ మాన్పించండి. ఉత్తర్వుల కింద నలిగేది పిల్లొక్కతే కాదు. ఇంటి పని, ఆఫీసు, అత్తగారి చూపు, దానిపైన ఈ పుస్తకం. ‘వీటిలో ఈ నెల నిజంగా కావాల్సిన రెండు ఏవి?’ అని థెరపిస్టును అడిగే హక్కు తల్లికి ఉంది. మంచి థెరపిస్టు చెప్తారు.

కేకలు, విసురుళ్లు మొదలయ్యాక నేర్పడానికేమీ ఉండదు. బ్రిటన్ మనస్తత్వవేత్త ఆండ్రూ మెక్‌డొనెల్ ప్రచారంలోకి తెచ్చిన ‘లో అరౌజల్’ పద్ధతి అంతా గొంతు, మాటలు, మనుషులు తగ్గించడమే. ఎదురుగా నిలబడకుండా పక్కకు జరగాలి, గాజు సామాను తీసెయ్యాలి. అపార్ట్‌మెంటులో పక్క ఫ్లాటు వాళ్లకు, వాచ్‌మన్‌కు ముందే చెప్పి ఉంచితే ఆ సమయంలో కాలింగ్ బెల్ మోగదు. చల్లారాక ‘సారీ చెప్పు’ అనొద్దు, కనీసం ఆ పూట. ఉన్నట్టుండి ఈ తీరు ముదిరితే మలబద్ధకం, పంటి నొప్పి, చెవి నొప్పి, నిద్రలేమి ఉన్నాయేమో ముందు డాక్టరుకు చూపించాలి. తనను తాను గాయపరచుకుంటుంటే పిల్లల మానసిక వైద్యులను కలవడానికి వాయిదా వెయ్యకూడదు.

తోబుట్టువుల ప్రశ్న వేరు. ‘వాడికో న్యాయం, నాకో న్యాయమా?’ అని పదేళ్ల అక్క అడిగితే దబాయించకూడదు. అవును, వేరే అని ఒప్పుకుని, కారణం చెప్పి, వారంలో ఒక గంట అమ్మ పూర్తిగా తనదే అయ్యేలా చూడాలి.

బడి నుంచి వచ్చే ఫిర్యాదు చిత్రంగా ఉంటుంది. ‘ఇక్కడ బాగానే ఉంటుందండీ, ఇంట్లోనే మీరు సరిగా చూసుకోవట్లేదేమో.’ కొందరు పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, బళ్లో పళ్ల బిగువున అన్నీ చేసేస్తారు. అక్కడ చేసిన అప్పు సాయంత్రం గుమ్మంలో బ్యాగు పడెయ్యగానే వడ్డీతో సహా అమ్మ దగ్గర తీరుతుంది. కొన్నాళ్లకు అదీ చేతకాక పొద్దున మంచం దిగడమే మానేస్తారు.

వైకల్య ధ్రువపత్రం దగ్గర ఇదే సమస్య మళ్లీ ఎదురవుతుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. దాన్ని కొలిచే ‘ఇసా’ పట్టికను రూపొందించింది మన సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థే. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు, 70కి చేరితే ఆటిజం. కళ్లలోకి చూసి గలగలా మాట్లాడే పిల్లను చూసి ‘ఈ అమ్మాయికి ఆటిజమేంటి?’ అనేవారుంటారు. ఇంట్లో తీసిన చిన్న వీడియోలు అప్పుడు ఉపయోగపడతాయి. ధ్రువపత్రం వస్తే నేషనల్ ట్రస్టు ‘నిరామయ’ ఆరోగ్య బీమా కింద ఏడాదికి లక్ష రూపాయల దాకా ఖర్చులకు, థెరపీలతో సహా, దారి దొరుకుతుంది.

ఆ పత్రంలో పీడీఏ అని రాసే గడి లేదు. ఆటిజం అనే రాస్తారు, అది చాలు. బళ్లో పిల్లల్ని కొట్టడం, మనసు నొప్పించేలా వేధించడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ఎలాగూ నిషేధించింది. స్కూలుకు కావాల్సిన మిగతాది డాక్టరు తన లెటర్‌హెడ్ మీద పీడీఏ అన్న పేరు వాడకుండానే రాయొచ్చు: ‘నేరుగా ఆజ్ఞాపిస్తే ఈ పాప భయంతో బిగుసుకుపోతుంది. పని బల్ల మీద పెట్టి పక్కకు వెళ్లండి, మొదలుపెట్టడానికి సమయం ఇవ్వండి. ఈ టర్మ్ హోంవర్క్ వద్దు. అందరి ముందూ పొగడొద్దు, తిట్టొద్దు. తట్టుకోలేనప్పుడు అనుమతి అడగకుండా బల్ల మీద ఎర్ర కార్డు పెట్టి లైబ్రరీలోకి వెళ్లి కూర్చుంటుంది. వెనకాల ఎవర్నీ పంపొద్దు, లైబ్రరీ మేడమ్‌కు ముందే చెప్పి ఉంచండి.’