నానో ఔషధములు – వైద్య విద్యార్థులు

"నానో వైద్యము" అనగానే వైద్య విద్యార్థులలో కొందరు నెత్తుటిలో ఈదుచు వ్యాధిని వేటాడు యంత్రములను ఊహించుకొందురు. మరికొందరు అది పరిశోధనశాలల వ్యవహారమనియు, రోగి మంచము దాక వచ్చుటకు చాల కాలము పట్టుననియు భావింతురు. మాకు తోచినంతవరకు ఈ రెండు తలంపులును వాస్తవమునకు దూరమే. క్రొవ్వుపొరలో పొదిగిన డాక్సోరూబిసిన్ అను క్యాన్సరు మందునకు అమెరికాలో 1995లోనే అనుమతి లభించినది.

మీటరును నూరుకోట్ల భాగములు చేయగా వచ్చు ఒక్క భాగము నానోమీటరు. ఫాస్ఫోలిపిడ్లు అను క్రొవ్వుపదార్థములు నీటిలో తమంత తామే చిన్న తిత్తులుగా ఏర్పడునని ఇంగ్లండులో అలెక్ బాంగ్‌హామ్ 1960 దశకపు తొలినాళ్ళలో కనుగొనెను. ఆ తిత్తులకు లైపోసోములని పేరు. నూరు నానోమీటర్ల లోపు పరిమాణముగల ఇట్టి తిత్తులలో మందును చేర్చినచో, అది దేహమున ఎచ్చటికి పోవునో, ఎంతసేపు నిలుచునో, ఏ అవయవమును బాధింపకుండునో చాలవరకు మార్చవచ్చును.

ఇందులకు దూరదేశపు ఉదాహరణము అక్కరలేదు. 2021 వేసవిలో కోవిడ్ రెండవ ఉద్ధృతి వెంట బ్లాక్ ఫంగస్ ప్రబలినపుడు హైదరాబాదులోని కోఠి ఇ.ఎన్.టి. ఆసుపత్రి దాని చికిత్సకు ప్రధాన కేంద్రమైనది. లైపోసోమల్ ఆంఫోటెరిసిన్-బి కొరకు రోగుల బంధువులు ఊరూర తిరిగిరి. (ఈ పేరు తడబడక పలుకుటకు రేడియోవారమైన మాకే అభ్యాసము కావలసివచ్చినది.) ఆ మందును ఎక్కించిన హౌస్ సర్జనులలో, తాము నానో ఔషధమును వాడుచున్నామని ఎరిగినవారెందరు?

ఎరుగకున్న నష్టమేమని అడుగవచ్చును. అదే పేరుగల పాత రకమును దేహపు బరువులో కిలోకు, దినమునకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఎట్టి పరిస్థితిలోను ఇయ్యరాదు. లైపోసోమల్ రకమునైతే కిలోకు 5 మిల్లీగ్రాములు, బ్లాక్ ఫంగస్ మెదడునకు ప్రాకినచో 10 వరకును ఇచ్చుట కలదు. రెండును పసుపుపచ్చని మందులే. రెండును 50 మిల్లీగ్రాముల సీసాలలో దొరకును. క్రొత్తదాని మోతాదును పాతదానికి వాడినచో రోగి గుండె ఆగిపోవు ప్రమాదమున్నది. లోపలి మందు మాత్రము ఒక్కటే. తిత్తి వలన మూత్రపిండములపై దెబ్బ తగ్గినది గనుకనే హెచ్చు మోతాదు సాధ్యమైనది. బీహారులో కాలా అజార్ రోగులకు పాత రకమును దినము విడిచి దినము 15 మార్లు ఎక్కించుచుండిరి. లైపోసోమల్ రకము కిలోకు 10 మిల్లీగ్రాముల చొప్పున ఒక్క పర్యాయముతో సరిపోవుచున్నది.

ఔషధశాస్త్రము బోధించువారు ఈ రెండు సీసాలను విద్యార్థుల చేతికిచ్చి, పైచీటీలను ప్రక్కప్రక్కన చదివించినచో నానో అను మాటకు అర్థము ఒక్క పూటలో తెలియును. అట్లు చదివిన విద్యార్థి, క్రొత్త మందు వచ్చినపుడు దానిని మోయు కణము దేనితో చేయబడినది, దేహమున ఎచ్చట పేరుకొనును, ఎన్నాళ్ళకు బయటికి పోవును అని అడుగును. ఈ చివరి ప్రశ్నకు, కొన్ని లోహపు నానోకణముల విషయమున, నేటికిని పూర్తి సమాధానము లేదు.