ఎయిర్ అంబులెన్సు ఎప్పుడు ఆదుకుంటుంది?

గుండెనొప్పితోనో, పక్షవాతంతోనో మనిషిని పోగొట్టుకున్న ఇంట "విమానంలో తీసుకుపోయి ఉంటే బతికేవాడేమో" అన్న మాట వినబడుతూ ఉంటుంది. ఆ బాధ సహజమైనదే. అయితే ఆ మాట ఎంతవరకు నిజమో గంజాం, ఇచ్ఛాపురం సరిహద్దు గ్రామాలవారు తెలుసుకొనవలసిన అవసరం ఉన్నది.

బరంపురం నుండి భువనేశ్వర్‌కు రోడ్డుమార్గాన సుమారు 170 కిలోమీటర్లు. అంబులెన్సుకు మూడు గంటల ప్రయాణం. విమానం గాలిలో అరగంట పైచిలుకులో ఆ దూరం దాటగలదు. కానీ ఆ విమానం బరంపురంలో సిద్ధంగా నిలిచి ఉండదు. వేరొక నగరం నుండి రావాలి. దానికి అనుమతి కావాలి, వైద్యుడు, వెంటిలేటరు సమకూడాలి. రోగిని రంగైలుండా విమానాశ్రయానికి చేర్చడానికి ఒక అంబులెన్సు, దిగినచోట మరొకటి తప్పవు. ఈ ఏర్పాట్లన్నీ ముగిసేలోగా రోడ్డుమీద బయలుదేరిన రోగి భువనేశ్వర్ ఆసుపత్రిలో ఉంటాడు.

1928లో ఆస్ట్రేలియాలో విమాన వైద్యసేవ మొదలైనది రోడ్లులేని విశాల ప్రాంతాల కోసం. 2024లో రిషికేశ్ ఎయిమ్స్ హెలికాప్టరు సేవ ఆరంభించినది హిమాలయ కొండల కోసం. జాతీయ రహదారి పక్కనే ఉన్న గంజాం తీరపు పల్లెల అవసరం వేరు.

మరొక సంగతి. ఎత్తుకు పోయినకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. విమానం లోపల సాధారణంగా 6,000 నుండి 8,000 అడుగుల ఎత్తున ఉండే ఒత్తిడే ఉంటుంది. మన మహేంద్రగిరి శిఖరమే 5,000 అడుగులకు లోపు! ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారికి అక్కడ ప్రాణవాయువు చాలదు. ఛాతీలో గాలి చేరిన రోగికి గొట్టం వేసి దానిని తీయకుండా విమానం ఎక్కిస్తే ఆ గాలి వ్యాకోచించి ప్రాణం మీదికి తెస్తుంది. కనుక ఎక్కించాలా వద్దా అన్నది బంధువుల తొందర నిర్ణయించేది కాదు, వైద్యుడు చెప్పవలసినది.

మరి విమానం ఎప్పుడు మేలు? ప్రథమ చికిత్స పొంది, నిలకడకు వచ్చిన రోగిని 800 కిలోమీటర్లకు పైబడిన హైదరాబాదు వంటి దూరప్రాంతానికి తరలించవలసి వచ్చినపుడు. అప్పుడు రోడ్డుమీద పోయే పగలూ రాత్రీ మిగులుతాయి. ప్రైవేటు సంస్థల ఖర్చు మాత్రం లక్షలలో ఉంటుంది. పొలం తాకట్టు పెట్టి బయానా ఇచ్చే ముందు చేరబోయే ఆసుపత్రిలో మంచం ఖాయమయిందా, వెంట వైద్యుడు వస్తాడా, రెండువైపులా అంబులెన్సు ఖర్చు అందులోనే కలిసి ఉన్నదా అని వ్రాతపూర్వకంగా అడగడం అవసరం. ఫోనులో చెప్పిన మాట చాలదు.

తుఫాను రోజులలో ఆ ఆశ కూడా ఉండదు. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ వద్ద ఫైలిన్ తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి హుద్‌హుద్ ధాటికి విశాఖ విమానాశ్రయమే దెబ్బతిని కొన్ని రోజులు మూతపడింది. అందుకే 2024 అక్టోబరులో దానా తుఫానుకు ముందు ఒడిశా ప్రభుత్వం నెలలు నిండిన గర్భిణులను ముందుగానే ఆసుపత్రులకు చేర్చింది. ఏ హెలికాప్టరూ చేయలేని మేలు అది.

పక్షవాతానికి రక్తపు గడ్డను కరిగించే మందు లక్షణాలు కనబడిన నాలుగున్నర గంటలలోపు పడాలి. గుండెపోటుకు ప్రతి నిమిషమూ విలువైనదే. పాముకాటుకు విషహరణ మందు దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలోనే అడగాలి. వీటన్నిటికీ నేలమీది 108 వాహనమే దిక్కు. ఆంధ్రలో ఇది 2005లో వచ్చింది, ఒడిశాలో 2013లో. నడుమ ఎనిమిదేళ్లు గిరిసోల ఇవతలివారికి ఉన్న సౌకర్యం అవతలివారికి లేదు.

నేడు రెండువైపులా నంబరు ఒక్కటే కావడంతో సరిహద్దు పల్లెలలో ఒక చిక్కు ఉన్నది. సెల్‌ఫోను పొరుగు రాష్ట్రపు టవరును పట్టుకుంటే పిలుపు అక్కడి కేంద్రానికి పోవచ్చు. కాబట్టి ఫోను ఎత్తగానే రోగి పేరుకంటే ముందు రాష్ట్రం, జిల్లా, మండలం లేదా బ్లాకు, ఊరు, దగ్గరి గుడో బడో చెప్పాలి. అవతలి గొంతు ఒడియాలో పలికితే మాట్లాడగలిగినవారు ఇంట ఒక్కరైనా ఉండటం మంచిది. లేకుంటే ఊరి పేరు, రోగి వయసు, ఏమి జరిగింది అన్న మూడు ముక్కలు ఒడియాలో పిల్లలచేత కాగితంమీద తెలుగు అక్షరాలలో వ్రాయించి, ఫోను పెట్టే గూటి పక్కన అంటించుకోవచ్చు.