ఎంజైమ్‌కు గూడు కట్టే పొర

ఎంజైమ్ ఫ్యూయల్ సెల్ చక్కెర నుంచో ఆల్కహాల్ నుంచో నేరుగా కరెంటు తీస్తుంది. మామూలు ఫ్యూయల్ సెల్‌లో ప్లాటినం చేసే పని ఇందులో ఎంజైమ్‌లది. ఆనోడ్ దగ్గర గ్లూకోజ్ ఆక్సిడేజ్ ఒక్కో గ్లూకోజ్ అణువు నుంచి రెండు ఎలక్ట్రాన్లు, రెండు ప్రోటాన్లు లాగుతుంది. (షుగర్ పరీక్ష స్ట్రిప్పుల్లో చాలాకాలంగా వాడుతున్నదీ ఈ ఎంజైమే.) ఎలక్ట్రాన్లు తీగ గుండా, ప్రోటాన్లు ద్రవం గుండా కాథోడ్‌కు చేరతాయి. రాగి పరమాణువులున్న లాకేజ్ అక్కడ వాటిని ఆక్సిజన్‌తో కలిపి నీరుగా మారుస్తుంది.

రెండు ఎలక్ట్రోడ్ల నడుమ పొర ఎందుకన్నది అసలు ప్రశ్న. ప్లాటినానికి విచక్షణ లేదు. ఇంధనంగా వాడే మిథనాల్ పొర దాటి కాథోడ్‌కు చేరితే దాన్నీ అక్కడే ఆక్సీకరిస్తుంది. అందుకే ప్రోటాన్లను పోనిచ్చి ఇంధనాన్ని కొంతవరకు ఆపే నాఫియాన్ అనే పాలిమర్ పొర అవసరమైంది. ఎంజైమ్ అలా కాదు, తనకు సరిపడే అణువునే ముట్టుకుంటుంది. 2003లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఆడమ్ హెల్లర్ బృందం ఏడు మైక్రాన్ల మందం ఉన్న రెండు కార్బన్ పోగులను ద్రాక్షపండులో గుచ్చి, అడ్డుపొర లేకుండానే కరెంటు తీసింది.

అంతమాత్రాన పొర పని అయిపోలేదు, మారింది. ద్రావణంలో వదిలేసిన ఎంజైమ్ రోజుల్లోనే పాడవుతుంది. నాఫియాన్‌లో బంధిద్దామంటే దాని ఆమ్లగుణం ఎంజైమ్‌ను చెడగొడుతుంది, రంధ్రాలూ ఇరుకు. సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయంలో షెల్లీ మింటీర్ బృందం నాఫియాన్‌లో టెట్రాబ్యూటైల్ అమ్మోనియం బ్రోమైడ్ అనే లవణం కలిపింది. మిశ్రమాన్ని ఆరబెట్టి, నీటిలో నానబెట్టి మిగులు లవణాన్ని తొలగించాక, ఆల్కహాల్‌లో కరిగించి ఎంజైమ్‌తో కలిపి ఎలక్ట్రోడ్‌కు పూస్తారు. ప్రోటాన్లు ఉండే చోట్లలో పెద్ద అమ్మోనియం అయాన్లు చేరడంతో ఆమ్లత్వం తగ్గుతుంది, రంధ్రాలు పెరుగుతాయి. ఎంజైమ్ ఆ గూట్లో ఇముడుతుంది, విచ్చుకుపోదు. నెలల తరబడి పనిచేస్తుంది. రొయ్యల పెంకుల నుంచి తీసే కైటోసాన్‌నూ రసాయనికంగా మార్చి ఈ పనికి వాడారు.

అయినా ఒక పరిమితి మిగిలింది. గ్లూకోజ్‌ను పూర్తిగా ఆక్సీకరిస్తే 24 ఎలక్ట్రాన్లు రావాలి. ఒక్క ఎంజైమ్‌తో దక్కేవి రెండే. 2007లో సోనీ చూపించిన చక్కెర బ్యాటరీ 50 మిల్లీవాట్లు ఇచ్చింది. వాక్‌మన్ నడపడానికి అలాంటివి నాలుగు కలపాల్సి వచ్చింది. చెమటలోనో రక్తంలోనో ఉన్న చక్కెరతో నడిచే చిన్న సెన్సార్లకు ఎంజైమ్ ఫ్యూయల్ సెల్ తగిన సాధనం. వాహనాలు నడిపే శక్తి మాత్రం దీనికి లేదు.