నూతన ప్రాజెక్టుకు ప్రతిపాదన పత్రం: నేరుగా విత్తే వరి ఉదాహరణగా

విస్తరణ రంగంలో ప్రతి నూతన ప్రాజెక్టుకు ప్రతిపాదన పత్రమే పునాది. నిధులిచ్చే సంస్థ ఆ పత్రాన్ని చూసి మంజూరుపై నిర్ణయం తీసుకుంటుంది. అందులోని లోపాల ఫలితాన్ని మాత్రం ప్రదర్శన క్షేత్రం ఇచ్చిన రైతు ఒక పంటకాలం భరించవలసి వస్తుంది. కాలువ నీరు ఆలస్యంగా చేరే ఆయకట్టు చివరి గ్రామాలలో, పొడి దుక్కిలో నేరుగా విత్తే వరిని ప్రవేశపెట్టదలచిన కృషి విజ్ఞాన కేంద్రాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ పత్ర రచనలోని ముఖ్య దశలను పరిశీలించవచ్చు.

సమస్య నిర్వచనం

"నేరుగా విత్తే వరిపై రైతులకు అవగాహన లేదు" అనే వాక్యంతో చాలా ప్రతిపాదనలు మొదలవుతాయి. ఇందులో సమస్య కనిపించదు. ముందే ఎంచుకున్న పరిష్కారం మాత్రమే కనిపిస్తుంది. నీరు ఆలస్యమై నారు ముదిరిపోవడం, నాట్ల సమయంలో కూలీలు దొరకకపోవడం, కోత వెనుకబడి రెండో పంట అదను తప్పడం అసలు సమస్యలు. గ్రామ భాగస్వామ్య పరిశీలనలో రైతులతోనే పంటకాల పట్టికను, సమస్యా వృక్షాన్ని గీయిస్తే ఈ కారణాలు వరుసగా వెలుగులోకి వస్తాయి. కాలువ ఎగువన ఉన్న రైతుకు ఈ ఇబ్బంది లేకపోవచ్చు. కనుక లబ్ధిదారులెవరో పత్రంలో స్పష్టంగా పేర్కొనాలి.

తార్కిక చట్రం

1969లో అమెరికా అంతర్జాతీయ అభివృద్ధి సంస్థ కోసం రూపొందిన తార్కిక చట్రం నేటికీ ఉపయోగకరమే. లక్ష్యం, ఉద్దేశం, ఫలితాలు, కార్యకలాపాలు అనేవి ఇందులో నాలుగు అడ్డు వరుసలు. వివరణ, సూచికలు, నిర్ధారణ ఆధారాలు, అంచనాలు నాలుగు నిలువు వరుసలు. శిక్షణ పొందిన రైతుల సంఖ్య కార్యక్రమం జరిగిందని మాత్రమే చెబుతుంది. సహాయం ఆగిన మరుసటి ఖరీఫ్‌లో ఎందరు సొంత ఖర్చుతో ఈ పద్ధతిని కొనసాగించారన్నదే ఉద్దేశం నెరవేరిందో లేదో తేల్చే సూచిక. అంచనాల వరుసను చివరన హడావుడిగా నింపడం పరిపాటి. విత్తే నాటికి నేలలో తగిన పదును ఉండటం, విత్తే యంత్రం సకాలంలో అందడం వంటి షరతులన్నీ ఆ వరుసలోనే ఉంటాయి.

ప్రాథమిక సమాచారం

ప్రాజెక్టుకు ముందున్న దిగుబడి, సాగు ఖర్చు, కూలీల వినియోగం, విత్తిన తేదీలను నమోదు చేయాలి. అదే గ్రామంలో నాటు వేసిన పొలాలను పోల్చి చూసేందుకు ఎంచుకోవాలి. లేనిచో మంచి వర్షాల వలన పెరిగిన దిగుబడిని కొత్త పద్ధతి ఖాతాలో వేసే ప్రమాదం ఉంది.

నష్టభారం

దమ్ము చేసి నాటిన వరిలో నిలిచిన నీరు కలుపును అణచివేస్తుంది. పొడి దుక్కిలో పైరు, కలుపు కలిసి మొలకెత్తుతాయి. విత్తిన తొలి రోజులలో, నేలలో తేమ ఉండగానే పెండిమిథాలిన్ వంటి కలుపు మందును పిచికారీ చేయకపోతే ఊద, తుంగ పైరును మించిపోతాయి. తొలిదశలో ఇనుప ధాతు లోపం కూడా కనిపించవచ్చు. బెట్ట వలన మొలక దెబ్బతింటే తిరిగి విత్తేందుకు విత్తనం ఎవరివ్వాలి? అదనపు కలుపుతీత ఖర్చు ఎవరు భరించాలి? ఇందుకు బడ్జెట్‌లో కేటాయింపు ఉండాలి. నాట్లు తగ్గితే మహిళా కూలీల పనిదినాలు తగ్గుతాయి. ఈ ప్రభావాన్ని సూచికలలో చేర్చి, విత్తే యంత్రాల అద్దె కేంద్రాల నిర్వహణ వంటి ప్రత్యామ్నాయ ఉపాధిని కూడా ప్రతిపాదించాలి.

కాలపట్టిక, బడ్జెట్

ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. ఖరీఫ్ విత్తడం తొలకరితో మొదలవుతుంది. మంజూరు ఆగస్టులో వస్తే ఆ ఏడాది పొడి దుక్కి ప్రదర్శనలకు అదను దాటిపోతుంది. కనుక పనులను నెలలవారీగా కాక పంట దశలవారీగా చూపి, నిధులు ఆలస్యమైతే మొదటి సంవత్సరాన్ని సమాచార సేకరణకు, శిక్షణకు వినియోగించే ఏర్పాటు రాసుకోవాలి.

ముసాయిదాను సమర్పించే ముందు గ్రామంలో చదివి వినిపించడం అవసరం. రైతులు, కూలీలు అడిగిన ప్రశ్నకు పత్రంలో సమాధానం దొరకని చోట ఆ భాగాన్ని తిరిగి రాయాలి.