బొంతకు దాచిన పేలికలు

1550 మొదలు 1580 వరకు గోలకొండ నేలిన ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పేర వెలసిన రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నమునందును, దానిచుట్టునున్న పల్లెలయందును, చీర చినిగినంతమాత్రమున దాని ఆయువు తీరదు. దానిని మడతలుగా పరచి, నడుమ దర్జీ కత్తిరింపులను పేర్చి, దబ్బనముతో వరుసకుట్లు వేసినచో అది బొంతయై మరికొన్నేండ్లు పరుపుగను, చలికాలమున దుప్పటిగను పనికివచ్చును. ఈశాన్యమున నాతిదూరమున పోచంపల్లి మగ్గములుండుటచే నూలు, పట్టు ఇక్కత్ తునకలును ఈ పేలికలమూటలో చేరుట కలదు. వీనిని దాచు గృహిణులు సామాన్యముగ రంగునుబట్టి వేరుచేయుదురు. అది కంటికింపైన పద్ధతియే గాని చాలినది కాదు. పోగుజాతి నెరిగి వేరుచేయుట అంతకంటె ముఖ్యము.

బొంత వెచ్చదనమునకు మూలము పొరల నడుమ చిక్కుకొని కదలక నిలిచిన గాలి. నిశ్చలవాయువు ఉష్ణమునకు మిక్కిలి మందవాహకము; నీరు దానికంటె ఇరువదిరెట్లకు మించి ఉష్ణమును వహించును. కావున చెమ్మచేరిన బొంత ఎంత దళసరియైనను వణకు మాన్పజాలదు.

చెమ్మవిషయమున పోగులన్నియు ఒక్కతీరువి కావు. గాలిలో సాపేక్ష ఆర్ద్రత 65 శాతమున్నపుడు నూలు తన తూకములో సుమారు 8.5 శాతము, పట్టు 11 శాతము నీటిని పీల్చి దాచుకొనగా, పాలిస్టర్ అర శాతమైనను పీల్చదు. నూలునందలి సెల్యులోజు అణువులకు అంటియున్న హైడ్రాక్సిల్ సమూహములు నీటిని ఆకర్షించుటయే ఇందుకు కారణము. శ్రావణ భాద్రపదములయందు చేతికి పొడిగానే తోచు నూలుగుడ్డను ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టినచో, పగటివేడికి గుడ్డ విడిచిన ఆవిరి రాత్రి చల్లబడి సంచిలోపల చెమ్మగా దిగును; బూజునకు అది చాలును. ఉతికి, గంజి వదల్చి, ఎండనారవేసి, పూర్తిగ చల్లారినపిదప దిండుగలేబులోనో పాతచీర సంచిలోనో ఉంచుట మేలు. ఇనుపపెట్టెయైనచో అడుగున మందమైన గుడ్డ పరచవలెను. తుప్పుమరక పట్టినచోటనే బట్ట ముందుగ చివుకును.

గంజి వదల్చుమనుటకు వేరొక హేతువును కలదు. పిండిపదార్థమును తిను వెండివన్నె రెక్కలులేని పురుగులు గంజిబట్టనే వెదకి కొరుకును. చిమ్మటల పిల్లపురుగులకు మాత్రము శుభ్రమైన నూలు రుచింపదు. జంతుజన్యములైన పట్టును ఉన్నియు వాని ఆహారము. పట్టుముక్కలను, గొంగడితునకలను వేరుగా కట్టుట అందులకే. ఈ పురుగులకు వెరచి పెట్టెనిండ నాఫ్తలీను ఉండలు వేయుట మన యిండ్లలో పరిపాటి. కాని బొంత పలుమారు పసిబిడ్డలక్రింద పరచునది. జీ-సిక్స్-పీడీ యను ఎంజైము లోపముతో పుట్టిన శిశువుల రక్తకణములు నాఫ్తలీను ఆవిరికి చిట్లిపోవును. పచ్చకామెర్లు ముదిరి ప్రాణాపాయమగుటయు కలదు. బిడ్డల బొంతకై దాచిన మూటలో ఆ యుండ ఒక్కటియు నుండరాదని గట్టిగా చెప్పవలసియున్నది.

జాతి తెలియని గుడ్డనుండి ఒక్క పోగు తీసి, పటకారుతో పట్టి నిప్పున కంటించిన తెలియును: నూలు కాగితపు వాసనతో కాలి మెత్తని బూడిదయగును, పట్టు వెండ్రుకలు కాలిన కంపు కొట్టును, పాలిస్టర్ కరగి గట్టి ఉండగా మిగులును. క్రొత్తనూలు తొలియుతుకునకు ముడుచుకొనును, పాతచీర ముడుచుకొనవలసినంత ఎన్నడో ముడుచుకొన్నది, పాలిస్టర్ దాదాపు ముడుచుకొననే ముడుచుకొనదు. ఈ భేదము పాటింపక కలిపి కుట్టిన బొంత ఉతికినంతనే ఉబ్బులుపడి కుట్లు తెంచుకొనును.

కలంకారీ ముక్కలను గూర్చి ప్రత్యేకముగ చెప్పవలెను. బెల్లపునీట ఇనుమును పులియబెట్టిన కసిము కరక్కాయ రసముతో కలిసి నలుపునిచ్చును. ఆ ఇనుమే సెల్యులోజు ఆక్సీకరణమును త్వరపరచును గనుక పాత కలంకారీ తరచుగ నల్లగీతవెంబడియే చిట్లును. అట్టి తునకలను వేరొక పొట్లముగ కట్టి, లాగుడుపడు అంచులకు గాక నడిమిపొరలకు వాడవలెను.